నాలుగో సాంచా

అమ్మ కిమ్‌లో ఉండే తమ్ముడి దగ్గర నుంచి వచ్చిందంటే సూరత్ డిండోలిలోని మా ఇంట్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, ఖాళీగా ఉన్న ప్రతి బిందే, ప్రతి బకెట్టూ నీళ్లతో నిండిపోతుంది. రెండు, నేను చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. నీళ్ల సంగతి నవ్వుకుని ఊరుకోవచ్చు. మా బిల్డింగు మీద పెద్ద ట్యాంకు ఉంది, నల్లా ఎప్పుడు తిప్పినా నీళ్లు వస్తాయి. ఆ మాట నేనూ నా కోడలూ ఆమెకు చెప్పి చెప్పి అలసిపోయాం. "నాకెరుకే బిడ్డా, వస్తయ్. నిండుగ ఉంటే నీకేం బరువు?" అని ఆమె తన పని తాను చేసుకుపోతుంది. ఇబ్బందంతా రెండోదానితోనే.

కిందటిసారి వచ్చినప్పుడు ఆమెను కళ్ల డాక్టరుకు చూపించి తీసుకొస్తున్నాను. రిక్షా మా వీధి మొదట్లో దింపింది. అక్కడి నుంచి తిన్నగా నడిస్తే ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది. నేను మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని పక్క సందులోకి తిప్పాను. డెయిరీ వెనక నుంచి, ఆవులు అడ్డంగా పడుకునే చోటు దాటించి, చుట్టూ తిప్పి తీసుకొచ్చాను. ఎనభై దాటిన మనిషి, నా చెయ్యి పట్టుకునే నడిచింది. మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, "తొవ్వ గిటుంటే గటెందుకు తెచ్చినవ్?" అంది. ఎండగా ఉందన్నాను. మేము వచ్చిన సందులో నీడ లేదని ఆమెకూ తెలుసు. నా మొహంలోకి చూసి, "మీ బాపు లెక్కనే సుట్టు దిరుగుతున్నవ్" అని మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

తిన్నగా వచ్చే దారిలో నా పనిగది ఉంది. ఒక షట్టరు, లోపల గోడల వెంట కుట్టుమిషన్లు, మధ్యలో చీరలు పరుచుకోవడానికి ఒక పొడుగు బల్ల. చీరలకు లేసు అంచులూ ఫాలూ కుట్టి మార్కెట్టుకు పంపే పని మాది. పద్మ అనే అమ్మాయి, ఆమెతో పాటు ఇంకొందరు ఆడవాళ్లు అందులో చేసేవాళ్లు. వ్యాపారం పడిపోతే సూరత్‌లో దాన్ని మందీ అంటారు. గుజరాతీ సేఠైనా, ఒడియా పనివాడైనా, మనవాళ్లైనా అదే మాట అంటారు, అనేటప్పుడు అందరూ గొంతు తగ్గిస్తారు. ఈసారి మందీ నా గదిలోకి కూడా వచ్చింది. పంపిన చీరలు వెనక్కి రావడం, కొత్తవి రాకపోవడం, సేఠ్‌లు ఫోను ఎత్తడం మానేసి బొటనవేలి బొమ్మలు పంపడం, అన్నీ వరసగా జరిగాయి. పండగ పోయాక చూద్దామని పద్మవాళ్లకు చెప్పి షట్టరు దించాను. పండగ వచ్చింది, పోయింది. నేను చూడలేదు. చూడకుండా ఉండడానికే సందులోంచి తిరిగి వెళ్తున్నాననే సంగతి అమ్మ అనేదాకా నాకే తెలియలేదు.

ఆ సాయంత్రం అమ్మ తన సంచీ విప్పి మందులన్నీ మంచం మీద పరిచింది. కొత్త కళ్లద్దాలు వచ్చేదాకా పాతవి జాగ్రత్త చేయాలని వాటిని ఒక గుడ్డలో చుట్టి పెట్టింది. ఆ గుడ్డ చూడగానే చేతిలోకి తీసుకున్నాను. వెడల్పు చారలు, సన్న చారలు, ఆకుపచ్చ పక్కన వంగపండు రంగు, దాని పక్కన ఎందుకొచ్చిందో తెలియని పసుపు. ఒక మూల వాన మరక. అంచులు పీచులు లేచాయి. ఒకప్పుడు సూరత్‌లోనే నవాగామ్‌లో ఉన్న మా పాత ఇంట్లో ఇలాంటి తువ్వాళ్లు ఎక్కడ చూసినా ఉండేవి. ఒళ్లు తుడిస్తే తడి పీల్చుకోని తువ్వాళ్లు. పోలిస్టర్‌తో నేసిన తువ్వాలు ఎక్కడైనా ఉంటుందా అని మా చుట్టాలు నవ్వేవాళ్లు. మిగిలింది ఇదొక్కటే అయి ఉంటుంది.

మా బాపు కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చి, చాలాకాలం ఒకరి దగ్గర షిఫ్టుల్లో పనిచేసి, చివరికి నవాగామ్‌లో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని నాలుగు పాత సాంచాలు పెట్టాడు. కరెంటు మగ్గాన్ని మా ఊళ్లోనూ సాంచా అనే అంటారు, సూరత్‌లోనూ దాదాపు అదే మాట, అందుకని ఆ ఒక్క మాటకు మాత్రం బాపు కొత్త భాష నేర్చుకోవలసిన అవసరం రాలేదు. షెడ్డుకు ఆనుకునే మా ఇల్లు. మధ్యలో ఒక తలుపు, అది ఎప్పుడూ తెరిచే ఉండేది. మేము తిన్న జొన్నరొట్టెలో, తాగిన చాయ్‌లో, కప్పుకున్న దుప్పట్లో సాంచా నూనె వాసన ఉండేది. వానాకాలంలో దానికి పక్కనున్న ఖాడీ కాలువ మురుగు వాసన తోడయ్యేది. నాలుగు సాంచాలు కలిసి నడిస్తే ఆ చప్పుడులో పక్కన కూర్చున్న మనిషి మాట వినబడదు. అందుకే మా ఇంట్లో అందరం అరిచి మాట్లాడేవాళ్లం. ఉప్పు తెమ్మన్నా అరుపే, ముద్దు చేసినా అరుపే. బళ్లో మా టీచరు నన్ను చెవిటిపిల్ల అనుకుని ముందు బెంచీలో కూర్చోబెట్టింది.

పొద్దున మోటారు వేసే ముందు బాపుకు ఒక అలవాటు ఉండేది. చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి, మొదటి సాంచా నుంచి నాలుగోదాని వరకు ముందు దూలం మీద అరచేత్తో రాసుకుంటూ పోయేవాడు. దండం పెట్టడం కాదది, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు ఉండేది. నాలుగోది మొండిది. మూడూ సాఫీగా నడుస్తుంటే అది మాత్రం పోగులు తెంపుకుని ఆగేది. దాన్ని తిట్టినన్ని తిట్లు బాపు మమ్మల్ని కూడా తిట్టలేదు. "గీ నాలుగోది నా పానం దీస్తది" అనేవాడు, నూనె మాత్రం దానికే ఎక్కువ పోసేవాడు.

సాంచా పనిలో మావాళ్లు గట్టిగా పాటించేది ఒకటి ఉంది. బీమ్ అనే పెద్ద దిండు మీద చుట్టిన పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు గుడ్డను పూర్తిగా కోసుకోరు. మూరెడు పడుగు సాంచాలోనే వదిలేస్తారు. దాన్ని మేము తోక అనేవాళ్లం. అందులో ఉన్న వేల పోగుల్లో ప్రతి ఒక్కటీ ఒక తీగ కంట్లోంచి, దువ్వెనలాంటి పన్నె పళ్ల సందులోంచి దూరి వచ్చినదే. కొత్త బీమ్ ఎక్కించినప్పుడు ఆ తోక పోగులకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే కలిపి లాగితే మళ్లీ నేత మొదలవుతుంది. తోక కోసేశారంటే మళ్లీ అన్నీ మొదటి నుంచి దూర్చుకోవాలి, ఆ చాకిరీ ఎవరూ కోరి పెట్టుకోరు. అందుకని పనిలేని రోజుల్లో కూడా తోకను అలాగే ఉంచి, పైన పాత చీర కప్పి పోతారు. తోక కోశాడంటే ఆ మనిషి ఇక తిరిగి రాడని అర్థం.

నాకు పదహారేళ్లప్పుడు వచ్చింది ఆ మందీ. ముందు సేఠ్‌లు దారం తగ్గించారు, తర్వాత ఆపేశారు. పనివాళ్లు దీపావళికి వెళ్లినట్టే సంచులు సర్దుకుని ఊళ్లకు వెళ్లారు, కాకపోతే ఎవరూ మిఠాయి కొనుక్కోలేదు. మా లైనులో ఒక్కొక్క షెడ్డే ఆగుతూ వచ్చింది. చివరికి మాదీ ఆగింది. నాకు అన్నిటికంటే గుర్తున్నది అప్పటి మా గొంతులు. సాంచాలు ఆగినా మేము అరిచి మాట్లాడుతూనే ఉన్నాం. "అన్నం తింటవా" అని అమ్మ అరిచిన అరుపు ఆ నిశ్శబ్దంలో వీధి చివరిదాకా వినబడింది. ఆమే ఉలిక్కిపడింది. ఆ తర్వాత అందరం మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాం, నెమ్మదిగా అసలు మాట్లాడడమే తగ్గించాం.

బాపు చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొదట్లో అలసట అనుకున్నాం. గడ్డం పెరిగింది, చాయ్ చల్లారిపోయేది, పిలిస్తే ఊఁ అనేవాడు. షెడ్డులోకి పోయే తలుపును మొదటిసారి మూసింది ఆయనే. బయటికి వెళ్లాలంటే అంతకుముందు షెడ్డులోంచి వెళ్లేవాడు, ఇప్పుడు వంటింటి వెనక తడికె తీసుకుని, మురుగుకాలువ పక్క నుంచి చుట్టూ తిరిగి రోడ్డెక్కేవాడు. తమ్ముడు శ్రీను చిన్నవాడు, ఆటగా ఆయన వెంటే తిరిగేవాడు. అమ్మ మాత్రం రోజూ పొద్దున ఆ తలుపు తీసి, సాంచాల మీద దుమ్ము దులిపి, ఊదుబత్తి వెలిగించి, మళ్లీ తలుపు దగ్గరికి వేసి వచ్చేది. నాకైతే ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉండేది. మంచి మనిషి పడుకుంటే ఇల్లంతా పడుకున్నట్టే ఉంటుంది.

నర్సయ్య మామ బాపుకు వరసకు బావమరిది, రెండు షెడ్ల అవతల ఆయన సాంచాలు ఉండేవి. ఒకరోజు వచ్చి చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు. "బావా, నేను తోకలు కోసిన. భంగారోడు రేపొచ్చి తీస్కపోతడు. సేఠ్‌లే మునుగుతున్నరు, మనమెంత?" అన్నాడు. భంగారోడంటే పాత ఇనుము కొనేవాడు. ఆ రోజుల్లో ఆ లైనులో పని ఉన్నది అతనొక్కడికే. మర్నాడు మామ వెంట అతను మా షెడ్డుకూ వచ్చి, చిన్న సుత్తితో సాంచాల కాళ్ల మీద కొట్టి ఇనుము చప్పుడు విన్నాడు. బాపు గుమ్మంలో నిలబడి, సోమవారం రమ్మని చెప్పాడు. అమ్మ బియ్యం ఏరుతూ ఉంది, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోందని నేను చూశాను.

ఆదివారం పొద్దున బాపు కత్తెర తీసుకుని, బయటి వైపు నుంచి తిరిగి షెడ్డులోకి వెళ్లాడు. నేను చాయ్ పట్టుకుని వెళ్లేసరికి మొదటిది కోసేశాడు. కోసిన తోక నేల మీద పడి ఉంది. రెండోది కోశాడు, మూడోది కోశాడు. ఏడవలేదు, ఆగలేదు, మార్కెట్టులో గుడ్డ కోసేవాడిలా కోశాడు. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ మధ్య తలుపులోంచి వచ్చింది.

"గిది ఉండనియ్" అంది.

"ఎందుకు?"

"ఉండనియ్ అంటున్న గదా."

"ఒక్కదానితోని ఏం జేస్తవ్? పూజ జేస్తవా?"

"నేస్త."

"ఎవలకు నేస్తవే? బజార్ల ఒక్క గజం అడిగెటోడు లేడు."

"ఇంట్ల తువ్వాలలు మంచిగ లేవు. తువ్వాలలు నేస్త."

బాపు కత్తెర కింద పెట్టాడు. ఆమె మాటకు ఒప్పుకుని కాదు, వాదించే ఓపిక లేక. మర్నాడు భంగారోడి మనుషులు వచ్చి మూడింటిని విప్పి లారీ ఎక్కించారు. ఒకటి ఎందుకు ఆపుకున్నావని అతను హిందీలో అడిగితే, "వో ఘర్‌వాలీ కా హై" అన్నాడు బాపు, అది మా ఇంటిదానిది అని. లారీ పోయాక మూడు సాంచాలు ఉన్నచోట నేల మీద నూనె మరకలు మిగిలాయి. అవి ఎంత కడిగినా పోలేదు. ఆ మొండి నాలుగోది ఒక్కటే మూలన నిలబడి ఉంది. దాన్ని చూస్తే నాకు కూడా తలుపు మూసుకోవాలనే అనిపించింది.

నేయాలంటే పడుగు కావాలి కదా. షెడ్డు వెనక ఒక సగం బీమ్ పడి ఉంది. కప్పు కారి దానికి వాన మరక పట్టిందని సేఠ్ వెనక్కి తీసుకోలేదు. అమ్మా నేనూ దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి సాంచాకు ఎక్కించాం. ఇక ఆ పోగులన్నిటినీ తోకకు కలపాలి. సూరత్‌లో ఆ పనికి వేరే మనుషులు ఉంటారు, వాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు. అమ్మ తనకు వచ్చునంది. ఆమె పుట్టింట్లో గుంటమగ్గం ఉండేది, అచ్చు అతకడం, అంటే పోగుకు పోగు కలపడం, చిన్నప్పుడే నేర్చుకుంది. సగడీ కుంపట్లోంచి బూడిద తీసి, పాత చీరముక్కలో జల్లించి, పౌడరు డబ్బాలో పోసుకుంది. నేను వెనక కూర్చుని ఒక్కొక్క పోగూ అందించాలి. ఆమె రెండు కొసలూ పట్టుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని, బొటనవేలితో ఒక్క మెలి తిప్పేది. ఎంత చకచకా తిప్పేదంటే నేను అందించలేకపోయేదాన్ని. ఆ పూట ఆమె మొహం వేరేగా ఉండింది, నా వయసు పిల్లలా ఉండింది.

సాయంత్రానికి కొంత మేర అతికి, సరిగా పట్టాయో లేదో చూద్దామని బీమ్‌ను కాస్త తిప్పి లాగింది. అతికినవన్నీ జారిపోయాయి. ఒక్కటి కూడా నిలవలేదు. అమ్మ వేళ్లు రుద్ది చూసుకుని, "బూడిద మొద్దుగున్నది" అంది. మర్నాడు మళ్లీ జల్లించి, మళ్లీ అతికాం. మళ్లీ జారాయి. ఆ మర్నాడు అన్నం గంజి కలిపింది. మా వేళ్లు అంటుకున్నాయి గానీ పోగులు అంటుకోలేదు. లైనులో ఆడపిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టుంది. "ఇడిసిపెట్టరాదే అమ్మా" అన్నాను. "నువ్వు పోగియ్యి" అంది. తలుపు అవతల చాప మీద బాపు ఉన్నాడు. మేము అనుకునేవన్నీ ఆయనకు వినబడుతూనే ఉన్నాయి, పట్టిందా, పట్టలేదా, మళ్లీ గంజి తేవాలా అన్నవన్నీ.

గంజి రెండోసారి కాచిన రోజున, మేము అతికినవి మళ్లీ జారినప్పుడు, మధ్య తలుపు తెరుచుకుంది. బాపు గుమ్మంలో నిలబడ్డాడు. లుంగీ నలిగి, గడ్డం పెరిగి, కళ్లు వెలుతురుకు చికిలించి ఉన్నాడు.

"గంజి వెట్టినవా?" అన్నాడు.

"వెట్టిన."

"దీనికి గంజి వెట్టినవా నువ్వు?"

ఆ గొంతులో వెటకారం ఉంది. ఎన్నాళ్ల తర్వాతో విన్నాను దాన్ని. నాకు ఎంత సంతోషం వేసిందంటే పోగు చేతిలోంచి జారిపోయింది.

"గిది పత్తి నూలు గాదే, పోలిస్టర్. బూడిద వట్టది, గంజి వట్టది. ముడెయ్యాలె" అన్నాడు.

"నాకేమెరుక? మా ఇంట్ల గిట్లనే అతికేది."

"మీ ఇంటోళ్లది గుంటల బతుకు. జరుగు."

అమ్మ జరిగింది. ఆయన కూర్చుని, లుంగీకి వేళ్లు తుడుచుకుని, ముందు మేము పూసిన గంజినంతా గోటితో గీకి తీశాడు. ఆ గీకుతున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. తర్వాత రెండు కొసలు పట్టుకుని, కంటికి ఆనకుండా ఒక ముడి వేసి, లాగి చూపించాడు. నిలిచింది. అమ్మ దాన్ని వంగి చూసి, "అయ్యో, నల్ల వచ్చింది" అని లేచి బిందె తీసుకుని వెళ్లిపోయింది. ఇక తిరిగి రాలేదు. బాపు తలెత్తకుండా చెయ్యి చాపి, "పోగియ్యి" అన్నాడు నాతో. పొద్దు వంగేదాకా ఇస్తూనే ఉన్నాను.

అది నడిచిన రోజు బాగా గుర్తుంది. రంగురంగుల దారం కండెలు, ఎప్పటివో అడుగున మిగిలినవి, అమ్మ సంచీలో దాచి పెట్టింది. ఏది చేతికొస్తే అది పేకకు, అంటే అడ్డపోగుకు, వేశాం. ఒక్క సాంచా చప్పుడు ఆ లైనంతా వినబడింది. జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నర్సయ్య మామ కూడా వచ్చాడు. అప్పటికే ఒక రంగుల మిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు, ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. "ఏంది బావా, మాలు ఎవలిచ్చిండ్రు?" అని అడిగాడు. "ఎవలియ్యలే. తువ్వాలలు" అన్నాడు బాపు. మామ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "జర సేపు కూసుంట" అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేము దీపం పెట్టుకునేదాకా అలాగే ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అంతా చక్కబడిపోయిందని రాయలేను. కొన్ని పొద్దుల్లో బాపు మళ్లీ గోడవైపే తిరిగి ఉండేవాడు. కొన్ని రోజులు తడికె తీసుకుని చుట్టూ తిరిగే వెళ్లేవాడు. అయితే మధ్యాహ్నానికల్లా సాంచా ఆగి ఉందనో, శ్రీను దాని మీద ఎక్కాడనో ఏదో వంకతో లోపలికి వచ్చేవాడు. తువ్వాళ్లు అందరికీ పంచాం. వాటిని చూసి సంచుల లోపలి గుడ్డకు కొద్దిగా కావాలని ఒకతను వచ్చాడు. పెద్ద షెడ్లవాళ్లు అంత చిన్న పనికి బీమ్ ఎక్కించరు. మాకు ఉన్నదే ఒకటి, మాకు అది చిన్న పని కాదు. అలా చిన్నవే వచ్చాయి. చాలాకాలానికి రెండోది తెచ్చాం, ఇంకా చాలాకాలానికి మూడోది. నాలుగు మళ్లీ ఎప్పుడూ కాలేదు. బాపు పోయాక శ్రీను వాటిని కిమ్‌కు తీసుకెళ్లాడు. కొత్త మిషన్ల పక్కన ఆ మొండిది ఇప్పటికీ ఉంది, అందులో తోకా ఉంది.

అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూసుకుంటే, అప్పుడు పని ఆగితే ఊరంతటికీ వినబడేది. ఇప్పుడు నా గది మూతపడితే కింద కొట్టువాడికి కూడా తెలియదు. ఫోనులో ఒక నంబరు పలకదు, అంతే. అప్పట్లో మందీ అందరిదీ, నర్సయ్య మామకూ మాకూ ఒకేసారి వచ్చేది. ఇప్పుడు ఎవరి మందీ వాళ్లదే, ఎవరికి వాళ్లం మన తెలివితక్కువే అనుకుని సందుల్లోంచి తిరిగి వెళ్తుంటాం. సుఖాలు లేకపోలేదు. నల్లా కోసం పరుగులు లేవు, సగడీ పొగ లేదు, నా కోడలికి బూడిద జల్లించడం అంటే ఏమిటో తెలియదు. అయినా ఆ అరిచి మాట్లాడుకునే ఇల్లు నాకు కావాలనిపిస్తుంది.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. పద్మవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో. అమ్మ కావాలనే తప్పుగా అతికిందనీ, తప్పు చూస్తే బాపు ఊరుకోలేడని ఆమెకు తెలుసనీ, ఆయన లేచి కూర్చోగానే నల్లా నెపంతో తప్పుకుందనీ చెప్పేదాన్ని. వినేవాళ్లు తల ఊపేవాళ్లు. అమ్మ తెలివి నాదైనట్టు నేనూ మురిసిపోయేదాన్ని. ఆ సాయంత్రం చారల గుడ్డ ఒళ్లో పెట్టుకుని మొదటిసారి ఆమెనే అడిగాను.

"కావాలనే గదా అమ్మా, గంజి వెట్టింది?"

అమ్మ నవ్వింది. "గట్లెవలు జెప్పిండ్రు నీకు? నాకు తెల్వక వెట్టిన బిడ్డా. పోలిస్టర్ సంగతి నాకేమెరుక?"

"మరి బాపు కూసోంగనే లేసి పోతివి గదా?"

"నల్ల రాలేదా మరి? గప్పుడు జరంత సేపే వచ్చేది. వట్టుకోకపోతే మల్ల పొద్దుగాలనే."

నా నలభై ఏళ్ల కథ అలా చేతిలోంచి జారిపోయింది. అయినా వదల్లేక, "కనీసం బాపు లేస్తడనే గదా ఆ నాలుగోది ఉంచమన్నవ్" అన్నాను. అమ్మ మందుల పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"లేస్తడనుకోలే" అంది. "లేవడనే అనుకున్న. గందుకే ఉంచుకున్న. మీ ఇద్దర్ని వెట్టుకోని నేనే నేసుకుంట బతుకుదామనుకున్న."

"భయం కాలేదా?"

"ఎందుకు గాదు? భయపడుకుంటనే అతికిన."

ఆమె బాపును లేపడానికి వెళ్లలేదు. ఎవరూ లేవరని అనుకుని, తనకు రాని పని ముందు కూర్చుంది. నేనేమో ఇన్ని రోజులుగా ఎవరైనా వచ్చి నన్ను లేపుతారని ఎదురు చూస్తున్నాను. కొడుకు ఒక మాట అంటాడని, సేఠ్ ఫోను చేస్తాడని, చివరికి అమ్మ ఏదో ఉపాయం పన్నుతుందని కూడా. సిగ్గుగా అనిపించింది, దానితో పాటు గుండె తేలికపడింది కూడా.

మర్నాడు పొద్దున చాయ్ తాగి తాళంచెవి తీసుకున్నాను. అమ్మ తానూ వస్తానంది. తిన్నగా ఉన్న దారినే వెళ్లాం. షట్టరు తుప్పు పట్టి సగంలో ఆగింది, ఇద్దరం కలిసి పైకి తోశాం. లోపల మూసి ఉన్న గుడ్డల వాసన. పద్మ మిషన్‌లో ఒక చీర సగం కుట్టి అలాగే ఉంది, సూది గుడ్డలోనే దిగి ఉంది. పండగ ముందు రోజు నేను తీసెయ్యమంటే, ఉండనివ్వక్కా అని ఆ పిల్ల వదిలేసి వెళ్లింది. దాన్ని కదపలేదు. పక్క మిషన్‌కు నూనె పోసి, తుడిచి, బల్ల ముందుకు లాక్కున్నాను. కుట్టడానికి ఏ చీరా లేదు. అమ్మ సంచీలోంచి కళ్లద్దాల గుడ్డ తీసి నా ముందు పెట్టింది.

"అంచులు పోయినయ్. కుట్టు" అంది.

మిగిలిపోయిన లేసుల్లోంచి ఆకుపచ్చది ఒకటి వెతికాను. దారం ఎక్కించాను. తొలి కుట్టు వంకరపోయింది, విప్పి మళ్లీ వేశాను. గుడ్డ జారుతోంది, పాతదైనా ఆ పోలిస్టర్ గుణం పోలేదు. ఒక అంచు పూర్తయ్యేసరికి మిషన్ చప్పుడు చెవులకు అలవాటుపడింది. పద్మకు ఫోన్ చెయ్యాలని, ముందు ఇంట్లో ఉన్న పాత చీరలకైనా కొత్త రకం అంచులు వేసి చూడాలని ఏవేవో తోచడం మొదలుపెట్టాయి. అమ్మ స్టూలు మీద కూర్చుని చూస్తోంది. కాసేపటికి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"నల్ల వచ్చే ఏళయింది. నేను పోత" అంది.

మా బిల్డింగులో నల్లా ఎప్పుడు తిప్పినా నీళ్లు వస్తాయని ఆమెకు తెలుసు. నేను తలెత్తలేదు. ఆమె అడుగులు తిన్నగా ఉన్న దారిలో మెల్లగా వెళ్లిపోవడం వింటూ, గుడ్డను తిప్పి రెండో అంచు సూది కిందికి పెట్టాను.